నిక్షేపంలాంటి ఇంజిన్లు ఎందుకు ఆగిపోతాయి?

క్లుప్తంగా

ఒక ఇంజిన్‌ తయారీని కొనసాగించాలా, ఆపాలా అని కంపెనీ తేల్చుకునేటప్పుడు అది ఎన్ని లక్షల కిలోమీటర్లు నడుస్తుందన్నది చాలా చిన్న విషయం. పొగ నిబంధన మారిన ప్రతిసారీ ఇంజిన్‌ను తిరిగి తీర్చిదిద్దాలి, పరీక్షలు చేయించాలి, ధ్రువీకరణ తెచ్చుకోవాలి. ఇక ముందు అమ్ముడుపోయే బళ్ల మీద ఆ ఖర్చు గిట్టదనుకున్న రోజున దాన్ని ఆపేస్తారు. ఇంధన ధరలు, పన్ను హద్దులు, ఫ్యాక్టరీలో యంత్రాల వయసు ఆ రోజును ముందుకో వెనక్కో జరుపుతాయి. అదే రకం ఇంజిన్ నిబంధన చేరని చోట ఇంకా తయారవుతూనే ఉండటానికి కారణం కూడా ఇదే.

షెడ్డు ముందు నిలబడిన ప్రశ్న

రావులపాలెం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, ఏ ఊరి మెకానిక్ షెడ్డు ముందు చూసినా ఇప్పుడు తయారీలో లేని బళ్లే సగం కనిపిస్తాయి. 2.5 లీటర్ల బొలెరో, 1.3 డీజిల్ స్విఫ్ట్ డిజైర్, 2016కి ముందు వచ్చిన 2.5 ఇన్నోవా, ఇండికా. మూడు లక్షల కిలోమీటర్లు దాటినా రోజూ కిరాయికి పోతున్నవి వాటిలో ఉన్నాయి. ఇంత గట్టి సరుకును కంపెనీ ఎందుకు వదిలేసిందని యజమానులు అడగడం సహజమే. బళ్లు తొందరగా పాడైతేనే కొత్తవి అమ్ముడవుతాయి కాబట్టి కావాలనే ఆపేశారన్న మాట వెంటనే వినిపిస్తుంది.

ఈ మాటకు అడ్డు తగిలే ఉదాహరణ ఒకటి దగ్గర్లోనే ఉంది. మారుతి సుజుకి 1.3 లీటర్ల డీజిల్ ఫియట్ నుంచి లైసెన్సు మీద వచ్చింది. దాని బదులు సుజుకి సొంతంగా 1498 సీసీ డీజిల్ తయారు చేసుకుని 2019లో సియాజ్‌లో పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్ కార్లు అమ్మబోమని మారుతి ప్రకటించింది. కొత్త ఇంజిన్ ఏడాది తిరిగేసరికి ఆగిపోయింది. గట్టిదనం చూసి ఆపేశారనుకోవడానికి దానికి అరిగేంత వయసే రాలేదు. పాతదీ కొత్తదీ ఒకే తేదీన ఆగాయంటే కారణం ఇంజిన్ లోపల లేదని అర్థం.

పాత ఇంజిన్ అంతకాలం ఎందుకు నిలిచింది

దీనికి జవాబు చాలావరకు ఒక భాగహారంలో దొరుకుతుంది. 2523 సీసీ బొలెరో ఇంజిన్ ఇచ్చేది సుమారు 63 హార్స్‌పవర్, అంటే లీటరుకు 25. 1248 సీసీ ఫియట్ డీజిల్ 75 ఇస్తుంది, లీటరుకు 60. 2016లో బొలెరో పవర్ ప్లస్‌లోకి వచ్చిన 1493 సీసీ ఇంజిన్ 70 ఇస్తుంది, లీటరుకు 47 దాకా. పెద్ద ఇంజిన్‌తో తక్కువ పని చేయించుకుంటే పిస్టన్ మీద, బేరింగుల మీద, బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మీద ఒత్తిడి తగ్గుతుంది. పైగా పాత బొలెరో 3200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే తన పూర్తి శక్తి ఇచ్చేస్తుంది. నెమ్మదిగా తిరిగేది నెమ్మదిగానే అరుగుతుంది.

రెండో కారణం, బాగుచేయడానికి వీలుగా కట్టడం. పాత లారీ, ట్రాక్టరు ఇంజిన్లలో చాలా వాటికి తడి లైనర్లు ఉంటాయి. సిలిండర్ గోడ విడి గొట్టంలా ఉంటుంది, దాని చుట్టూ నేరుగా నీళ్లు తిరుగుతాయి. ఇంజిన్ నూనె తాగి నీలం పొగ పడితే హెడ్ దించి, పుల్లర్‌తో లైనర్ లాగి, కింద కూర్చునే రబ్బరు రింగులు మార్చి, కొత్త లైనర్, పిస్టన్, రింగులు సెట్టుగా వేస్తారు. లైనర్ పై అంచు బ్లాకు కన్నా మిల్లీమీటరులో పదో వంతుకు లోపే పైకి ఉండాలి. నాలుగూ సమానంగా లేకపోతే హెడ్ గాస్కెట్ నెల తిరగకుండా ఊదేస్తుంది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంకు అరిగితే 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల చొప్పున గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులు వేస్తారు. ఒకే బ్లాకు ఇలా మూడు నాలుగు జన్మలు ఎత్తుతుంది. లేత్ షాపూ, నికరమైన చేతులూ ఉంటే చాలు, కంప్యూటర్ అక్కర్లేదు.

ఇలా నిలవనిచ్చిన గుణాలే తర్వాత దాని మెడకు చుట్టుకున్నాయి. బరువైన ఇనుప బ్లాకు, గట్టిగా పట్టే రింగులు, చిక్కటి నూనె, వదులైన క్లియరెన్సులు, ఇవన్నీ మన్నికకు మంచివే. మైలేజీకీ పొగకూ మాత్రం చెడ్డవి. గట్టి రింగు రాపిడి పెంచుతుంది, రాపిడి డీజిల్ తింటుంది. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ మీద మన దేశంలో 2017-18 నుంచి పరిమితి ఉంది. 2022-23 నుంచి అది ఇంకా బిగిసింది. అందుకే కొత్త ఇంజిన్లలో పలచని రింగులు, నీళ్లలా పారే నూనె, అల్యూమినియం బ్లాకులు వచ్చాయి. ఇనుప గొట్టం లోపలే పోత పోసిన అల్యూమినియం బ్లాకు అరిగితే చాలా మోడళ్లలో బోరు చేయడానికి మందం మిగలదు. షార్ట్ బ్లాకు, అంటే హెడ్ కింది ఇంజిన్ మొత్తం మార్చాల్సిందే.

పొగ లెక్క: 250 నుంచి 80కి

మన దేశపు పొగ నిబంధనల మెట్లను భారత్ స్టేజ్, క్లుప్తంగా బీఎస్ అంటారు. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. బీఎస్-5ను దాటేసి మూడేళ్లకే, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగాయి. మసిని తూచడంతో సరిపెట్టకుండా రేణువులను లెక్కపెట్టడం కూడా వచ్చింది. కిలోమీటరుకు 60,000 కోట్ల రేణువులు మించకూడదు. సంఖ్య పెద్దదిగా కనిపించినా, ఫిల్టర్ లేకుండా ఏ డీజిల్ ఇంజినూ అందుకోలేని హద్దు అది.

చిక్కేమిటంటే ఈ రెండు కాలుష్యాలూ తక్కెడలో రెండు పళ్లేల్లాంటివి. సిలిండర్‌లో వేడి ఎక్కువైతే డీజిల్ శుభ్రంగా కాలి మసి తగ్గుతుంది, కానీ గాలిలోని నైట్రోజన్ కాలి ఆక్సైడ్లు పెరుగుతాయి. కాలిన వాయువును కొంత తిరిగి లోపలికి పంపి వేడి తగ్గిస్తే ఆక్సైడ్లు దిగి మసి లేస్తుంది. పాత ఇంజిన్‌లో పంపును కాస్త ముందుకో వెనక్కో తిప్పడం తప్ప మెకానిక్ చేతిలో సాధనం లేదు. రెంటినీ ఒకేసారి దించాలంటే ఒక్కో స్ట్రోకులో డీజిల్‌ను పలు విడతలుగా, సన్నటి మంచులా చిమ్మాలి. మెకానికల్ పంపు కొన్ని వందల బార్ ఒత్తిడితో ఒకే విడతగా కొడుతుంది. అన్ని సిలిండర్లకూ కావాల్సిన డీజిల్‌ను ఒకే గొట్టంలో ఒత్తిడితో నిల్వ ఉంచే కామన్ రైల్‌ 1400 నుంచి 2000 బార్‌తో ఒక్కో స్ట్రోకులో ఎన్నో విడతలు కొట్టగలదు. దానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) కావాలి, సెన్సర్లు కావాలి. పైగా ఎక్కువ పేలుడు ఒత్తిడిని తట్టుకునే హెడ్, బోల్టులు, బేరింగులు కావాలి. తక్కువ ఒత్తిడికి పోత పోసిన పాత బ్లాకులో ఇవన్నీ ఇమడవు. ఇమిడ్చితే అది పాత ఇంజిన్‌గా మిగలదు.

ఇంతా చేశాక పొగగొట్టం వైపు పని మొదలవుతుంది. మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ కావాలి, దానికి తోడు నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టే ట్రాపో, యూరియా ద్రావణం చిమ్మి వాటిని విడగొట్టే ఎస్‌సీఆరో ఉండాలి. ఈ సామగ్రి ధర ఇంజిన్ సైజును బట్టి పెద్దగా తగ్గదు. 1.2 లీటర్ల కారుకూ 2.4 లీటర్ల కారుకూ దాదాపు అదే డబ్బాలు, అవే సెన్సర్లు. పాతిక లక్షల బండిలో ఆ ఖర్చు కలిసిపోతుంది, ఎనిమిది లక్షల బండిలో పొడుచుకొచ్చి కనిపిస్తుంది. చిన్న డీజిల్ కార్లు ముందుగా పోయి, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ బీఎస్-6లోనూ కొనసాగడానికి ప్రధాన కారణం ఇదే.

పెట్రోలు వైపు దెబ్బ తక్కువైనా తగలకపోలేదు. 1983 డిసెంబరులో మారుతి 800తో దేశానికి పరిచయమైన 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ కార్బురేటర్ నుంచి ఇంజెక్షన్‌కు, ఆరు వాల్వుల నుంచి పన్నెండుకు మారుతూ బీఎస్-6 దాకా ఈదుకొచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి ప్రయోగశాలతో పాటు రోడ్డు మీద కూడా పొగ కొలవాలన్న రెండో దశ నిబంధన వచ్చేసరికి ఆల్టో 800తో దాని కథ ముగిసింది. నలభై ఏళ్లు నడిచిన ఇంజిన్‌కు ఇంకో మెట్టు ఎక్కించే సత్తా ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. దేశంలో అతి చవక కారు మీద ఆ ఖర్చు తిరిగి రాబట్టగలమా అన్నదే చూశారు.

పన్ను గీత, డీజిల్ ధర

కొన్ని ఇంజిన్లను పొగతో సంబంధం లేకుండా పన్ను హద్దే ఆపేసింది. 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించకపోతే చిన్న కారు పన్ను పడుతుంది. స్విఫ్ట్‌ మొదట వచ్చిన 1298 సీసీ పెట్రోలు ఇంజిన్ మంచిదే. కానీ 98 సీసీ ఎక్కువ. 2010లో దాని చోటికి 1197 సీసీ వచ్చింది. బొలెరో పొడవు తగ్గించి 2523 సీసీ స్థానంలో 1493 సీసీ పెట్టడమూ ఇదే లెక్క. పాత 2.5 ఇంజిన్ గల బొలెరోను కొన్నాళ్లు పక్కనే అమ్మి, బీఎస్-6తో ఆపేశారు.

ఇక డీజిల్ ధర. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిల్ మీద ప్రభుత్వ ధర నియంత్రణ పోయింది. ఒకప్పుడు రెంటికీ మధ్య లీటరుకు 20 రూపాయలు దాటిన తేడా కరిగిపోయింది. దీని ప్రభావం ఒక ఉజ్జాయింపు లెక్కలో తెలుస్తుంది. పెట్రోలు 109 రూపాయలు, లీటరుకు 18 కిలోమీటర్లు. డీజిల్ 97 రూపాయలు, 23 కిలోమీటర్లు. కిలోమీటరుకు 6.06, 4.22 చొప్పున పడుతుంది, మిగిలేది 1.84. డీజిల్ కారు లక్షన్నర ఎక్కువనుకుంటే ఆ సొమ్ము రాబట్టడానికి దాదాపు 82,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 5,000 తిరిగే కిరాయి బండికి అది 16 నెలల పని. మండపేట నుంచి కాకినాడకు వారానికోసారి వెళ్లొచ్చే ఇంటి కారుకు పదిహేనేళ్లు దాటుతుంది. ఇంటి కొనుగోలుదారులు ఈ లెక్క వేసుకున్నాక చిన్న డీజిల్‌కు అమ్మకాలే మిగల్లేదు. కొత్త ధ్రువీకరణ ఖర్చు పంచడానికి బళ్లు లేకుండా పోయాయి.

ఫ్యాక్టరీ లోపల

బయటివారు అంతగా గమనించని కారణం మరొకటుంది. బ్లాకు పోత పోసే అచ్చులు, బోరు తొలిచే యంత్రాల వరుస ఒక ఇంజిన్ కొలతల కోసమే కట్టినవి. సిలిండర్ల మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు మార్చాలన్నా వరుసంతా కదలాలి. ఇరవై ఏళ్లలో ఆ యంత్రాలు కూడా అరుగుతాయి. వాటిని మార్చే సమయం వచ్చినప్పుడు అదే డబ్బుతో మూడు నాలుగు మోడళ్లకు పనికొచ్చే కొత్త ఇంజిన్ వరుస పెట్టుకోవడం మేలనిపిస్తుంది. లైసెన్సు ఇంజిన్ అయితే ప్రతి బండికీ రాయల్టీ కూడా పోతుంది.

నిబంధన చేరని చోట

2023 జనవరిలో ట్రాక్టర్లకు వచ్చిన ట్రెమ్-4 నిబంధన 50 హార్స్‌పవర్ దాటిన వాటికే వర్తించింది. గోదావరి డెల్టాలో దమ్ము చక్రాలతో దాళ్వా (రెండో పంట) నాట్లకు దిగే ట్రాక్టర్లలో ఎక్కువ ఆ గీతకు లోపలివే. అందుకే కార్లలో కనుమరుగైన మెకానికల్ పంపు, తడి లైనరు, లేత్ షాపులో బాగయ్యే క్రాంకు ట్రాక్టర్ల షోరూములో కొత్త సరుకుగా దొరుకుతూ వచ్చాయి. 50 దాటిన ట్రాక్టరుకు కామన్ రైల్, ఈసీయూ వచ్చి ధర కూడా పెరిగింది. టొయోటా 1990లో తెచ్చిన 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో లేని డీజిల్ కూడా ఇలాగే, పొగ నిబంధనలు సడలింపుగా ఉన్న దేశాల కోసం దశాబ్దాలు సాగింది. ఇంజిన్ అదే. ఒక దేశంలో గడువు తీరినది, మరో దేశంలో కొత్త బండి.

రొయ్యల చెరువుల దగ్గరి జనరేటర్ల మీదికి నిబంధన 2023 జులైలో వచ్చింది. 800 కిలోవాట్ల లోపు జనరేటర్లకు కొత్త కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. రొయ్యల చెరువులో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఎక్కువసేపు ఆగితే రొయ్య తేలిపోతుంది. ఎలక్ట్రానిక్ ఇంజిన్ పొగ తక్కువ, డీజిల్ పొదుపు. కానీ ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చ చిలుము పట్టి ఒక్క సెన్సర్ మాట తప్పితే అది స్టార్టు కాకుండా మొరాయించగలదు. పాతదైతే స్టార్టరు తిరిగి డీజిల్ అందితే చాలు, లేస్తుంది. ఈ భయం నిజమైనది. దానికి మందు పాత జనరేటర్ కోసం వెతకడం కన్నా, వారానికోసారి లోడు పెట్టి పావుగంట నడపడం, బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయడం, కనెక్టర్లకు తడి తగలకుండా కప్పి ఉంచడం.

అనుమానంలో నిజమెంత

కంపెనీలు కావాలనే మన్నిక తగ్గిస్తాయన్న ఆరోపణకు ఇంజిన్ ఆపివేతల్లో ఆధారం తక్కువ. గట్టి ఇంజిన్ వారంటీ ఖర్చు తగ్గిస్తుంది, పాత బండికి మంచి రేటు పలికిస్తుంది, ఆ పేరు మీద కొత్త బండి అమ్ముడవుతుంది. అయితే యజమానుల గోడులో ఒక భాగం పూర్తిగా న్యాయమైనది. విప్పి బాగుచేసే భాగాల చోట మొత్తంగా మార్చాల్సిన భాగాలు వచ్చాయి. ఈసీయూను చదివే సాఫ్ట్‌వేర్ ఊరి మెకానిక్‌కు అందడం లేదు. పొగ తగ్గడానికి కామన్ రైల్ తప్పనిసరే. దాన్ని బాగుచేసే సమాచారాన్ని దాచిపెట్టడం మాత్రం ఏ పొగ నిబంధనా అడగలేదు.

దీని ఫలితం వింతగా ఉంటుంది. తయారీ ఆగాక పాత మెకానికల్ ఇంజిన్లే ఎక్కువ కాలం బతుకుతాయి. పిస్టన్, లైనర్, రింగులు, గాస్కెట్లు బయటి కంపెనీలు ఏళ్ల తరబడి చేస్తూనే ఉంటాయి, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్తే సెట్టు దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ ఇంజిన్‌కు ముందు కరువయ్యేది ఈసీయూ, వైరింగు, హై ప్రెషర్ పంపు. ఇనుము బాగానే ఉండగా వైరు దొరక్క బండి మూలపడుతుంది.

డెల్టాలో కొత్త, పాత ఇంజిన్లకు తగిలే దెబ్బలు

కామన్ రైల్‌కు మొదటి శత్రువు డీజిల్‌లో నీరు. ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. చెరువు గట్టు మీద డ్రమ్ములో నిల్వ పెట్టిన డీజిల్‌లో వానాకాలం చెమ్మ చేరుతుంది. డ్రమ్మును ఒక పూట కదపకుండా ఉంచి, అడుగున నాలుగు వేళ్ల మేర వదిలేసి పైదే తోడుకోవాలి. ఫిల్టర్ కింద నీటి మర వానాకాలంలో నెలకోసారి విప్పి వదలాలి.

రెండోది డీపీఎఫ్. కాలువ గట్ల మీద మూడు నాలుగు కిలోమీటర్ల తిరుగుళ్లే చేసే బండిలో మసి కాలేంత వేడి రాదు. ఫిల్టర్ లోపల సుమారు 600 డిగ్రీలు కావాలి. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ దీపం వెలిగితే 216 జాతీయ రహదారి లాంటి దారి ఎక్కి, ఒక గేరు తగ్గించి 2000 ఆర్‌పీఎం పైన పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి. సగంలో ఆపేసే అలవాటు ఉంటే కాలని డీజిల్ సంపులోకి (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి) దిగి ఇంజిన్ నూనె మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద నూనె పెరిగిందని సంతోషించకూడదు, అది మార్చాల్సిన నూనె. డీపీఎఫ్‌ ఉన్న బండికి తక్కువ బూడిద రకం నూనే వాడాలి. మసి కాలుతుంది కానీ బూడిద కాలదు.

ఎస్‌సీఆర్ ఉన్న లారీలో పోసేది 32.5 శాతం శుద్ధ యూరియా ద్రావణం. పొలానికి వేసే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందనుకోవడం ఖరీదైన పొరపాటు. దానికి వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి. నాజిల్ గడ్డకట్టి, క్యాటలిస్టు చెడిపోతుంది.

ఆగిపోయిన 1.3 డీజిల్ కారు కొనేవారు చూడాల్సినవి మరికొన్ని. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను స్టార్టు చేసి వినాలి. రెండు మూడు సెకన్లకు మించి గొలుసు గలగలమంటే టైమింగ్ చైన్ సాగింది. సంపులో పట్టేది మూడు లీటర్ల పైచిలుకు నూనే కాబట్టి, మార్చడం ఆలస్యం చేసిన బండిలో ఇది తప్పదు. వేడెక్కాక నూనె మూత తీసి చూడాలి, గుప్పుగుప్పున పొగ తన్నితే రింగులు పోయాయి. ఆఖరున నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి, నాలుగు ఒకే సైజు సీసాల్లో పెట్టి, రెండు నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. నాలుగింట్లో డీజిల్ ఒకే మట్టంలో ఉంటే ఇంజెక్టర్లు బాగున్నట్టు. ఒక సీసా మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టరు ఖర్చు బేరంలోంచి తగ్గించి మాట్లాడుకోవాలి.